అద్దె 16,000 కాదు, 21,200: కోట దగ్గర ఫ్లాటుకు మారే ముందు

ప్రశ్న: మేం విజయనగరంలో గాజులరేగ వైపు ఒక ఇంటి పై పోర్షన్‌లో ఉంటున్నాం. అద్దె 9,500. మావారిది ప్రైవేటు కంపెనీలో ఉద్యోగం, చేతికి 46,000 వస్తుంది. నేను మూడు లాంతర్ల దగ్గర ప్రైవేటు స్కూల్లో టీచర్ని, జీతం 18,000. మే నెలకు ఇవ్వరు. బాబు అదే స్కూల్లో రెండో తరగతి. పాప చిన్నది. కోటకు దగ్గర్లో లిఫ్టున్న పెద్ద అపార్టుమెంటులో ఆరో అంతస్తులో డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాటుకు టులెట్ బోర్డు చూసి వెళ్లాం. అదే ఆఖరి అంతస్తు. అద్దె 16,000, మెయింటెనెన్స్ 2,200, అడ్వాన్సు ఐదు నెలలు. పదకొండు నెలలకోసారి పది శాతం పెంచుతారట. లేదా 7 లక్షలు ఒకేసారి ఇస్తే మూడేళ్లు అద్దె లేకుండా ఉండమంటున్నారు, వెళ్లేటప్పుడు మొత్తం తిరిగి ఇస్తారట. మాకు 5 లక్షల ఎఫ్‌డీ ఉంది. నెల ఖర్చుల జాబితా వేరుగా రాసి పంపాను, బండి వాయిదా ఇంకో ఎనిమిది నెలల్లో తీరుతుంది. మిగతా రెండు బంగారం మీద తెద్దామని మావారు. అడ్వాన్సుకైతే చీటీ పాడదామని నేను. ఏది మంచిది? అద్దె పెరిగితే హెచ్‌ఆర్‌ఏ (జీతంలో ఇచ్చే ఇంటి అద్దె భత్యం) వల్ల పన్ను కూడా తగ్గుతుందంటున్నారు, నిజమేనా?

జవాబు: ముందు ఆ 7 లక్షల సంగతి తేల్చేద్దాం. ఆశ పెట్టేది అదే, ముంచేదీ అదే కావచ్చు.

మీ వైపు నుంచి చూస్తే లెక్క బ్రహ్మాండంగా ఉంది. 7 లక్షలకు ఆరున్నర శాతం వడ్డీ వేస్తే ఏడాదికి 45,500, అంటే నెలకు 3,800 లోపు. దానికి 16,000 అద్దె ఫ్లాటు వస్తోంది. ఇప్పుడు ఓనరు వైపు నుంచి చూడండి. ఆయన ఏడాదికి 1,92,000 అద్దె వదులుకుని మీ 7 లక్షలు వాడుకుంటున్నాడు. అంటే 27 శాతం పైన వడ్డీ కట్టి అప్పు తెచ్చుకున్నట్టు. సొంత ఫ్లాటు ఉన్న మనిషికి దాన్ని తనఖా పెట్టుకుని బ్యాంకు ఇంతకు సగం కన్నా తక్కువ వడ్డీకే అప్పిస్తుంది. అది వదిలి మీ దగ్గరికి ఎందుకొచ్చాడన్నదే అసలు ప్రశ్న. చాలాసార్లు దానికి జవాబు, ఆ ఫ్లాటు అప్పటికే బ్యాంకు తనఖాలో ఉండటం.

అలా ఉండి ఆయన వాయిదాలు ఆపేస్తే, బ్యాంకు 2002 నాటి సర్ఫేసీ చట్టం కింద ఫ్లాటును స్వాధీనం చేసుకోవచ్చు. తనఖా తర్వాత, బ్యాంకు అనుమతి లేకుండా, రిజిస్టరు కాని కాగితం మీద రాసుకున్న మూడేళ్ల లీజు అక్కడ పెద్దగా అక్కరకు రాదు. ఏడాదికి మించిన లీజును రిజిస్టరు చేయించాల్సిందేనని రిజిస్ట్రేషన్ చట్టం 17వ సెక్షన్ చెబుతుంది. స్టాంపు పేపరు మీద ఇద్దరు సాక్షుల సంతకాలతో సరిపెడదామని ఓనరు అంటే అక్కడే ఆగిపోండి.

అయినా మీవారికి మనసు పీకుతోందంటే, మూడు పనులు జరగాలి. సబ్ రిజిస్ట్రారు ఆఫీసు నుంచి కనీసం 15 ఏళ్ల ఈసీ (ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీలు చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీయాలి. టైటిల్ డీడ్ బ్యాంకులో పెట్టి తీసుకున్న అప్పు ఒక్కోసారి ఈసీలో కనబడదు, కాబట్టి తనఖాల వివరాలుండే కేంద్ర రిజిస్ట్రీ సెర్సాయ్ వెబ్‌సైటులో కూడా ఆ ఆస్తిని వెతకాలి. కొద్దిపాటి రుసుముతో ఎవరైనా చూసుకోవచ్చు. మూడోది, ఒరిజినల్ దస్తావేజు ఓనరు చేతిలో ఉందో లేదో కళ్లతో చూడాలి. జిరాక్సు చూపించి ‘ఒరిజినల్ ఊళ్లో మా నాన్నగారి దగ్గరుంది’ అంటే అది బ్యాంకు తనఖాలో ఉన్నట్టే అనుకోండి.

మూడూ బాగున్నా నా మాట వద్దనే. మీ 5 లక్షల ఎఫ్‌డీకి బ్యాంకు మునిగినా డిపాజిట్ బీమా 5 లక్షల వరకు రక్షణ ఇస్తుంది. ఓనరు చేతిలో పెట్టిన డబ్బుకు ఏ బీమా లేదు. మీరు ఖాళీ చేసే రోజుకి ఆయన దగ్గర 7 లక్షలు ఉండవు. తర్వాత వచ్చేవాళ్లు ఇస్తే మీకిస్తానంటాడు. వాళ్లు దొరికే దాకా మీరు కదలలేరు. పైగా ఆ ఎఫ్‌డీ మీ ఇంటికి దాదాపు ఎనిమిది నెలల ఖర్చు. అది తీసేసి, బంగారం కూడా తాకట్టు పెట్టేస్తే, రేపు ఆసుపత్రి పని పడ్డప్పుడు మీ దగ్గర మిగిలేది ఆరో అంతస్తు బాల్కనీ ఒక్కటే.

ఇక నెల అద్దె. మీరు 16,000 లోంచి 9,500 తీసేసి, మెయింటెనెన్స్ కలిపి, తేడా 8,700 అనుకుంటూ ఉంటారు. చిత్రంగా చివరికి తేలేది దానికి దగ్గరే, కానీ మధ్యలో లెక్క వేరు. ఎక్కడ బేరం ఆడాలో ఆ మధ్య లెక్కే చెబుతుంది. రెండేళ్లు ఉంటారనుకుని వేస్తున్నాను.

పదకొండు నెలలకు పది శాతం పెంపు అన్నది చూడ్డానికి చిన్న షరతు. మొదటి 11 నెలలు 16,000. తర్వాతి 11 నెలలు 17,600. ఆ పైన 23వ నెలకే మళ్లీ పెరిగి 19,360. రెండేళ్లు పూర్తి కాకుండానే రెండు పెంపులు. సగటు నెలకు 17,010 పడుతుంది. అదే పన్నెండు నెలలకు ఐదు శాతమైతే సగటు 16,400. రెండేళ్లలో 14,700 తేడా, దాదాపు ఒక నెల అద్దె. అగ్రిమెంటు పదకొండు నెలలకు రాసుకోవడం ఒక అలవాటు. పెంపు కూడా పదకొండు నెలలకే ఉండాలని ఎక్కడా లేదు. రెండూ వేర్వేరని అగ్రిమెంటులో రాయించుకోవచ్చు.

అడ్వాన్సు 80,000 మీద పోయే వడ్డీ నెలకు 430. ఖాళీ చేసేటప్పుడు రంగులకని ఒక నెల అద్దె కోసుకోవడం మన వైపు మామూలే. 16,000 కోస్తే రెండేళ్ల మీద నెలకు 670. ఒక్క అగ్రిమెంటు కాలానికే వెళ్లిపోతే అదే నెలకు 1,450 అవుతుంది, అందుకే ఏడాది తిరక్కుండా ఇల్లు మారడం అన్నిటికన్నా ఖరీదు. సామాను తరలింపు, కిటికీలకు దోమతెరలు, పైఅంతస్తు కాబట్టి బాల్కనీకి పావురాల వల, కర్టెన్ రాడ్లు కలిపి ఒక 12,000 పెట్టుకుంటే నెలకు 500.

సామాను దగ్గర ఒక మాట. ఆరుగురు ఎక్కే లిఫ్టు మోసేది 408 కిలోలు. బరువు ఇబ్బంది కాదు, కొలతలే ఇబ్బంది. ఉక్కు బీరువా ఆరున్నర అడుగులు ఉంటుంది, లిఫ్టు తలుపు ఎత్తూ ఇంచుమించు అంతే. వంచి దూర్చడానికి లోపల చోటుండదు. బీరువా, డబుల్ కాట్, మూడు సీట్ల సోఫా మెట్ల మీదుగానే రావాలి. కూలీలు అంతస్తుకింత అని అడుగుతారు. లిఫ్టులో సామాను ఎక్కించనివ్వని అసోసియేషన్లూ ఉన్నాయి. ఆటో మాట్లాడే ముందే లిఫ్టు లోపలి కొలత టేపుతో తీసుకోండి, వాచ్‌మన్‌ని నిబంధన అడగండి.

కరెంటు. పై స్లాబు కిందే ఉండే ఫ్లాటు ఏప్రిల్, మే నెలల్లో రాత్రి పదింటికీ చల్లారదు. పగలంతా ఎండ తాగిన కాంక్రీటు రాత్రి దాన్ని గదిలోకి వదులుతుంది. ఏసీ గంటలు పెరుగుతాయి. మన ఈపీడీసీఎల్ స్లాబుల్లో 126 నుంచి 225 యూనిట్ల దాకా యూనిట్‌కు 6 రూపాయలు, 226 నుంచి 400 దాకా 8.75. నెలకు 200 యూనిట్లు కాలిస్తే కరెంటు చార్జి 867. 300 కాలిస్తే 1,673. యూనిట్లు సగం పెరిగితే బిల్లు దాదాపు రెట్టింపు, సర్దుబాటు చార్జీలు దాని పైన. అలాంటి నెలలు ఏడాదికి ఐదు అనుకుని నెలకు 400 వేశాను. పైకప్పు మీద తెల్లని కూల్ రూఫ్ పూత వేయించి ఉంటే ఇది తగ్గుతుంది. లేకపోతే ఓనర్ని అడగండి, ఇది ఆయన ఆస్తికీ మేలే.

కరెంటు బిల్లులోనే ఇంకో చిల్లు ఉంది. ఎప్పుడైనా ‘ఏసీడీ’ అని అదనంగా వేయి, రెండు వేలు కలిసి వస్తే, అది వాడకం పెరిగినందుకు కట్టించుకునే డిపాజిట్. అది సర్వీసు పేరు మీద, అంటే ఓనరు పేరు మీద జమ అవుతుంది. కట్టాల్సింది ఆయన. బిల్లు మొత్తం చూసి అద్దెదారే కట్టేసి, ఖాళీ చేసేటప్పుడు దాని ఊసే మరిచిపోతుంటారు.

అన్నీ కలిపితే: 17,010, మెయింటెనెన్స్ 2,200, అడ్వాన్సు వడ్డీ 430, రంగులు 670, తరలింపు 500, కరెంటు 400. మొత్తం 21,210. ఇందులోంచి మీకు కలిసొచ్చేది తీయాలి. ఇప్పుడు రెండు బళ్లూ కలిపి రోజుకు 30 కిలోమీటర్లు, నెలకు 25 రోజులు తిరుగుతున్నాయనుకుంటే 17 లీటర్ల దాకా పెట్రోలు, 1,830 రూపాయలు. కోట దగ్గర్నుంచి అయితే మీరు నడిచే వెళ్తారు, ఆయన బండికి 500 లోపే. 1,340 మిగులు. బాబు స్కూలు ఆటో నెలకు 1,500, పది నెలలు కడతారు కాబట్టి నెలకు 1,250. రెండూ తీసేస్తే నికరంగా 18,620. మీ పాత ఇంటి అద్దె కూడా ఏటా ఒక 500 పెరుగుతుంది కాబట్టి, మోటారు కరెంటు వాటాతో కలిపి దాన్ని 9,950గా తీసుకున్నాను. అసలు తేడా నెలకు 8,670.

చేతికొచ్చే జీతంలో 30 శాతం దాటకుండా అద్దె ఉంటే చాలు అనే సూత్రం మీరు విని ఉంటారు. 64,000లో 16,000, 2,200 కలిపి 28 శాతమే, సూత్రం ప్రకారం పాసే. కానీ ఆ సూత్రం మీ ఇంట్లో పనిచేయదు. కారణం మీ జీతం. ఏడాదికి పదకొండు నెలలే వస్తుంది, అంటే సగటు 16,500. పాప చిన్నది కాబట్టి మధ్యలో ఏడాది మానేయాల్సి రావచ్చు కూడా. అద్దె మాత్రం మే నెలలోనూ కట్టాలి. అందుకే అద్దెను ఇద్దరి జీతం మీద కాకుండా ఆగకుండా వచ్చే జీతం మీద కొలవండి. 46,000లో 30 శాతం 13,800.

మీరు వేరుగా రాసి పంపిన ఖర్చులన్నీ కలిపి చూశాను. ఇంటి ఖర్చు 21,000, స్కూలు ఫీజు సగటున 4,500, అత్తగారింటికి 5,000, బీమాలు 2,300, బండి వాయిదా 3,600, చీటీ 5,000, సిప్ (మ్యూచువల్ ఫండులో నెలనెలా పొదుపు) 6,000, పెట్రోలు, ఆటో 3,080, కరెంటు, గ్యాసు, ఫోన్లు 3,500, అద్దె, మోటారు వాటా 9,700. మొత్తం 63,680. ఇద్దరి జీతాలూ వచ్చే నెలలో కూడా చేతిలో మిగిలేది 320. నెలకు 8,670 అదనంగా రావాలంటే సిప్ మొత్తం ఆపేసి, చీటీలో సగం దాకా ఎగ్గొట్టాలి. చీటీ ఎగ్గొట్టడం కుదరదని మీకు తెలుసు. కాబట్టి, ఓనరు చెప్పిన షరతుల మీద ఈ నెల ఆ ఫ్లాటు మీకు కాదు.

చీటీ పాడి అడ్వాన్సు కట్టాలన్న ఆలోచన కూడా వదిలేయండి. మధ్యలో పాడితే కొన్ని వేలు తగ్గించుకుని తెచ్చుకోవాలి, మిగతా నెలలన్నీ వాయిదా కట్టాల్సిందే. ఆ నష్టం భరించి తెచ్చిన డబ్బును వడ్డీ లేకుండా ఓనరు దగ్గర పడేయడం అన్నమాట. అడ్వాన్సు కావాలంటే ఎఫ్‌డీని రెండుగా విడగొట్టి చిన్న ముక్క తీయడం నయం. ముందస్తుగా తీసినందుకు అర నుంచి ఒక శాతం వడ్డీ కోత పడినా చీటీ కన్నా చవకే.

హెచ్‌ఆర్‌ఏ మాట మీ విషయంలో పనికిరాదు. కొత్త పన్ను విధానంలో అద్దెకు మినహాయింపే లేదు. పాత విధానంలో ఉంది, కానీ ఆయన జీతానికి అది అవసరం లేదు. 2025-26 ఆర్థిక సంవత్సరం నుంచి కొత్త విధానంలో 75,000 స్టాండర్డ్ డిడక్షన్‌తో కలిపి 12,75,000 జీతం వరకు పన్ను సున్నా. కట్టని పన్నును ఎవరూ తగ్గించలేరు. పన్ను ఆదా అవుతుందని అద్దె పెంచుకోకండి. ఓనరు అగ్రిమెంటులో 8,000 రాసి మిగతాది నగదు ఇమ్మంటే మాత్రం ఒప్పుకోవద్దు. ఏడాదికి లక్ష దాటితే తన పాన్ ఇవ్వాల్సి వస్తుందని ఆయన భయం. రేపు అడ్వాన్సు దగ్గర పేచీ వస్తే మీ చేతిలో ఉండేది ఆ 8,000 కాగితమే.

మరి ఎలాంటి షరతుల మీద తీసుకోవచ్చు? మీ బండి వాయిదా ఇంకో ఎనిమిది నెలల్లో తీరుతుందన్నారు. అప్పుడు 3,600 ఊరికే చేతికొస్తుంది. అద్దె 14,500, పన్నెండు నెలలకు ఐదు శాతం, అడ్వాన్సు రెండు నెలలు, రెండేళ్లు ఉంటే రంగుల కోత లేదు అని కుదిరితే నెల ఖర్చు 18,120. ఆదాలు తీసేస్తే 15,530. తేడా 5,580. బండి వాయిదా పోగా ఇంకా సర్దాల్సింది 1,980. సిప్ 6,000 నుంచి 4,000 చేస్తే సరిపోతుంది. అది కూడా కొంతకాలమే, ఆయన జీతం పెరిగిన నెలలోనే మళ్లీ పెంచాలి. కేంద్రం 2021లో రాష్ట్రాలకు పంపిన నమూనా అద్దె చట్టంలో ఇళ్లకు అడ్వాన్సు రెండు నెలలకు మించకూడదని ఉంది. బేరంలో ఆ మాట ఎత్తండి.

14,500కి దిగుతాడా? ఎప్పుడు అడిగారన్నదాని మీద ఉంటుంది. బడులు తెరిచే జూన్ ముందు ఎవరూ దిగరు. ఆషాఢంలో, పుష్యంలో కొత్త ఇంట్లో పాలు పొంగించేవాళ్లు ఉండరు. ఆ నెలల్లో ఖాళీగా పడున్న ఫ్లాటు ఓనరుకు 16,000 నష్టం, పైగా మెయింటెనెన్స్ తన జేబులోంచి కట్టాలి. 1,500 తగ్గిస్తే ఏడాదికి ఆయనకు పోయేది 18,000, నెల ఖాళీగా ఉంచితే పోయేది 18,200. ఈ రెండు అంకెలూ మర్యాదగా ఆయన ముందు పెట్టండి. శూన్యమాసంలో మాట్లాడి టోకెన్ ఇచ్చి, మంచిరోజు చూసుకుని దిగొచ్చు.

బాల్కనీలోంచి సిరిమాను కనబడుతుందని ఓనరు చెప్పే ఉంటారు. నిజంగా కనబడుతుందేమో. కానీ పైడితల్లి అమ్మవారి సిరిమాను చదురుగుడి నుంచి కోట దాకా మూడుసార్లు తిరిగేది దసరా వెళ్లాక ఒక్క మంగళవారం. దానికి నెలనెలా వెయ్యి ఎక్కువ కట్టక్కర్లేదు. ఆ రోజు చుట్టాలంతా మీ ఇంట్లోనే ఉంటారు, ఆ ఖర్చు నేను లెక్కలో వేయలేదు.

మెయింటెనెన్స్ 2,200లో ఏమేం ఉన్నాయో అసోసియేషన్ కార్యదర్శిని అడిగి, కిందటి ఏప్రిల్, మే నెలల రసీదులు చూడండి. వేసవిలో బోరు అడుగంటి ట్యాంకర్లు తెప్పిస్తే అది వేరుగా వసూలు చేస్తుంటారు. నలుగురికి తలకు 135 లీటర్ల చొప్పున రోజుకు 540 లీటర్లు కావాలి. ఫ్లాటుకు ఎన్ని గంటలు నీళ్లు వదులుతారో దానితో పోల్చుకోండి. వాచ్‌మన్ జీతం, లిఫ్టు ఏఎంసీ (ఏడాది నిర్వహణ ఒప్పందం), మెట్ల లైట్లు, మోటారు కరెంటు అద్దెదారు కట్టేవి. లిఫ్టు తాళ్లు మార్చడం, మోటారు రీవైండింగ్, బయటి రంగులు, కార్పస్ ఫండ్ (పెద్ద ఖర్చులకు అసోసియేషన్ దాచే నిధి) ఓనరువి. ఈ విభజన అగ్రిమెంటులో ఒక వాక్యంగా లేకపోతే, ఏదో ఒక నెల ‘లిఫ్టుకు తలా 6,000’ అని నోటీసు మీ తలుపుకే అంటిస్తారు.

జనరేటరు గురించి తప్పకుండా అడగండి. 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ తుపాన్లు వచ్చినప్పుడు మన విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో చాలాచోట్ల రోజుల తరబడి కరెంటు లేదు. పై పోర్షన్‌లో ఉన్నప్పుడు చీకట్లో కూర్చుంటే సరిపోయేది, ఆరో అంతస్తులో నీళ్ల బిందె మోయాలి. ఖర్చు పెద్దది కాదు. 25 కేవీఏ జనరేటరు నిండు లోడు మీద గంటకు 5, 6 లీటర్ల డీజిల్ తాగుతుంది. రోజుకు నాలుగు గంటలు, నాలుగు రోజులు నడిపినా 24 ఫ్లాట్లకు పంచితే ఒక్కొక్కరికి 400 దాటదు. చూడాల్సింది అది లిఫ్టుకే ఉందా, నీళ్ల మోటారుకు కూడా ఉందా అన్నది. చాలాచోట్ల మోటారును దానికి కలపరు. ఇంట్లో ఫ్యాన్లకు 150 ఏహెచ్ బ్యాటరీ ఇన్వర్టరు మూడు ఫ్యాన్లు, రెండు మూడు లైట్ల మీద నాలుగైదు గంటలు నిలుస్తుంది. అది మీదే, వెళ్లేటప్పుడు పట్టుకుపోవచ్చు.

మెట్లు కూడా ఒకసారి ఆరు అంతస్తులూ దిగి చూడండి. పైకప్పు తలుపుకు తాళం, మెట్ల మలుపుల్లో పాత సైకిళ్లు, ఫైర్ గొట్టం పెట్టెలో గొట్టం లేకపోవడం కనబడితే బేరం సంగతి తర్వాత, ఇంకో ఫ్లాటు చూసుకోండి. సామానుకు బీమా అద్దెవాళ్లూ తీసుకోవచ్చు. భారత్ గృహ రక్ష పాలసీలో ఇంటి లోపలి వస్తువులకు మాత్రమే కవర్ అడిగితే ఇస్తారు. తుపానూ, అగ్నిప్రమాదమూ అందులోకి వస్తాయి.

కుదిరితే, అడ్వాన్సు బ్యాంకు ఖాతా నుంచి ఓనరు ఖాతాకే పంపండి, వాళ్లబ్బాయికో మేనేజరుకో కాదు. దిగే రోజు కరెంటు మీటరు రీడింగు, గోడల మరకలు, బాత్రూం టైల్స్, గీజరు పనిచేస్తోందా లేదా అన్నీ ఫోన్‌లో వీడియో తీసి అదే రోజు ఓనరుకు వాట్సాప్ చేయండి. టోకెన్ ఇచ్చేటప్పుడు కూడా అంతే: ఎంత ఇచ్చారు, ఏ తేదీకి దిగుతారు, మీరు వద్దనుకుంటే ఎంత పోతుంది, ఆయన వేరేవాళ్లకు ఇచ్చేస్తే ఎన్ని రోజుల్లో తిరిగి ఇస్తాడు అన్న నాలుగు విషయాలు ఒక మెసేజ్‌లో రాసి పంపి, ఆయన ‘సరే’ అన్నాకే డబ్బు పంపండి.